రాక్షసునికి పెట్టిన సంగటి

నరసింహులు కువైట్‌లోని షువైఖ్‌లో కార్ల గేర్‌బాక్సులు విప్పి బిగించే మెకానిక్కు. ఊరు రాయచోటి దగ్గర. ఆరడుగుల మనిషి, బుర్ర మీసం. గ్యారేజీలో కుర్రవాళ్లకు అతనంటే జంకు. ఆ జంకు లేనిది ఒక్క రామాంజనేయులుకే. పదకొండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాడు కాబట్టి, ఈ మీసాల మనిషికి బొమ్మల సినిమా పిచ్చి ఉందని అతనికి తెలుసు.

ఆ సినిమా కూడా ఒక్కటే. రెండో తరగతిలో ఉండగా పక్కింటి టీవీలో చూశాడట. ఒక రాక్షసుడు వానలన్నీ కుండలో దాచేస్తాడు. వాటిని తేవడానికి ఒక పిల్ల రెక్కల తాబేలునెక్కి బయల్దేరుతుంది. కత్తి లేదు, మంత్రం లేదు. రాక్షసునికి ఇంత రాగిసంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెడుతుంది. వాడు కడుపునిండా తిని, బ్రేవుమని త్రేన్చి, కుండ మూత తీసేస్తాడు. ఈ కథ రామాంజనేయులు నలభైసార్లన్నా విని ఉంటాడు.

"అది పరదేశం సినిమా అంటివే. వాళ్లకు సంగటి యాడిదబ్బీ?"

"నా కండ్లతో చూసినా గదా!" అనేవాడు నరసింహులు.

మొన్న శుక్రవారం సెలవు. మధ్యాహ్నం అన్నాలు తిని పడుకున్నాక, రామాంజనేయులు ఫోనులో వెతికి వెతికి ఆ సినిమాను పట్టేశాడు. చిన్నప్పటి ఆ హిందీ డబ్బింగే. రెక్కల తాబేలు కనబడగానే నరసింహులు మంచం మీద దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఇదే! ఇదేరా!"

పది నిమిషాలు అతని మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత వచ్చింది చిక్కు. చిన్నప్పుడు అతనికి హిందీ ముక్క రాదు. ఇప్పుడు గ్యారేజీ పుణ్యమా అని తిట్లతో సహా వచ్చు. "జారిపోతావు పాపా, గట్టిగా పట్టుకో" అంటుందనుకున్న తాబేలు, పన్నులు తగ్గించమని రాజుగారితో వాదిస్తోంది. పోనీలే అనుకున్నాడు. పిల్ల రాక్షసుని గుహ చేరింది.

"ఇప్పుడు సూడు, సంగటి!" అన్నాడు.

పిల్ల కత్తి దూసింది. ఒక్క వేటుకు రాక్షసుని తల దొర్లిపోయింది. రామాంజనేయులు దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

నరసింహులు వెంటనే అక్కకు ఫోను చేశాడు. అక్క గురమ్మ కూడా కువైట్‌లోనే, సల్వాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది; ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అంటుంది. ఆనాడు టీవీ ముందు తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, హిందీ మాటలన్నీ తెలుగులో చెప్పింది ఆమే.

"అక్కా, ఆ తాబేలు సినిమాలో సంగటి లేదే!"

గురమ్మకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది. గుర్తొచ్చాక నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇన్నేండ్లూ దాన్నే నమ్ముకోనుండావా నాయనా?"

"నేను చూసినా గదా!"

"యాడ చూస్తివి? రాచ్చసుడు కనపడంగానే కెవ్వుమంటివి. నీ కండ్లకు నా చెయ్యి అడ్డం పెట్టి, సంగటి పెడ్తాందిరా, తింటాండాడురా అని చెప్తి. తల నరికినారని చెప్తే రాత్రికి పక్క తడుపుతావని నా బయం."

ఫోను స్పీకర్‌లో ఉందన్న సంగతి నరసింహులుకు అప్పుడు తట్టింది. రామాంజనేయులు మంచం ఊగిపోతోంది.

"మరి హిందీ నీకు వచ్చంటివే?"

"పరిచ్చలో పన్నెండు మార్కులు నాకు. నోటికొచ్చింది చెప్తి."

"సంగటే ఎందుకు చెప్తివి?"

"నాకు ఆకలైతాండెరా. సరే, మామా పిలుస్తాంది, పెట్టేస్తాండా."

నరసింహులుకు మొదట సిగ్గేసింది, తర్వాత అక్క మీద కోపం వచ్చింది. ఆ తర్వాత, తలచుకుంటే నిజమే అనిపించింది. సినిమా అంతా రంగుల్లో గుర్తుంది గానీ, ఆ సంగటి తినడం మాత్రం వెచ్చటి చీకట్లోనే గుర్తుంది. అప్పటికి పన్నెండేళ్ల అక్క అరచెయ్యి ఎంతుంటుంది? అయినా మొహమంతా కప్పేసింది.

సినిమా మళ్లీ మొదట్నుంచీ పెట్టమన్నాడు. పిల్ల గుహ ముందు దిగగానే ఫోను లాక్కుని ఆపేశాడు.

"ఆపినావేంది?" అన్నాడు రామాంజనేయులు.

"ఈడికి చాలు. మిగతాది నేను చెప్తా, ఇను" అని మీసం దువ్వి, రాక్షసుణ్ణి పీట మీద కూర్చోబెట్టాడు. సంగటి ముద్ద చేశాడు, మధ్యలో గుంట పెట్టి నెయ్యి పోశాడు.

అంతవరకూ నవ్విన రామాంజనేయులు దిండు పక్కన పెట్టి విన్నాడు. నెయ్యి దగ్గరికొచ్చేసరికి గుటక మింగి, "ఊరిబిండిలో తెల్లగడ్డలు ఏసిందా అబ్బీ?" అని అడిగాడు.