సూటిగా అడగమన్నారు

ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, బిర్యానీకి ముందు తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టారు. టీనేజ్ పిల్లల కౌన్సెలర్ ఒకావిడ మాట్లాడటానికి వచ్చింది. ఆకలితో ఉన్నవాళ్ళం బుద్ధిగా వింటామని పాస్టర్‌గారి ఎత్తు.

"నిద్రపోకపోవడం, స్నేహితుల్ని దూరం పెట్టడం, ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, 'నేను మీకు భారం' అనడం... ఇలాంటివి కనిపిస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు" అందావిడ.

వెనక నుంచి ఒక పెద్దాయన, "మన పిల్లలకి అలాంటివి ఉండవు కదమ్మా, రోజూ ప్రార్థన చేస్తారు" అన్నాడు.

"ప్రార్థన చేసేవాళ్ళకి జ్వరం రాదా అంకుల్?"

ఆయన బిర్యానీ వైపు చూశాడు.

ఇంటికొచ్చి మా ఆయన మీద ప్రాక్టీస్ చేశాను. పళ్ళెం ముందు పెట్టి, "మీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్నాను.

ఆయన కూర వైపు అనుమానంగా చూసి, "ఏం వేశావు ఇందులో?" అన్నారు.

మర్నాడు స్కూల్ నుంచి వస్తూ కార్‌లో మా అమ్మాయిని అడిగాను. పదిహేనేళ్ళది. హైవే మీద ఉన్నాం కాబట్టి దిగి పారిపోలేదు.

"అమ్మా, నీకేమైంది?" అని పడీ పడీ నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"నాకు లేదు. కానీ నా ఫ్రెండ్ తన వయొలిన్ నాకిచ్చేసింది. తను లేకపోతే ఇంట్లో అందరూ హ్యాపీగా ఉంటారంట. ఎవరికీ చెప్పనని ప్రామిస్ చేశాను."

వచ్చే ఎగ్జిట్‌లో హైవే దిగి ఆ పిల్ల ఇంటికే పోనిచ్చాను.

తలుపు తీసిన వాళ్ళమ్మ విషయం విని, "మా అమ్మాయికేంటండీ, అన్నిట్లో ఏ గ్రేడే" అంది.

"గ్రేడ్లు సరే. ఒక్కసారి అడిగి చూడండి."

ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని అంతా వింటోంది. వాళ్ళమ్మ వెళ్ళి పక్కన కూర్చుని అడిగింది. ఆ పిల్ల అవునని తలూపి ఏడ్చింది. చర్చికొచ్చిన కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే, ఒంటరిగా వదలొద్దు, ఇప్పుడే తీసుకెళ్ళండి అంది. సాయంత్రానికల్లా డాక్టర్ దగ్గరున్నారు.

మాట తప్పినందుకు ఆ పిల్ల మా అమ్మాయితో చాన్నాళ్ళు మాట్లాడలేదు. మా అమ్మాయి ఏడ్చింది గానీ, "కోపంగా ఉంటే ఉండనీ. ఉంది కదా" అంది.

ఆ పిల్ల ఇంకా కౌన్సెలింగ్‌కి వెళ్తోంది. దిగులు రోజులు ఉంటాయట, కాకపోతే ఇప్పుడు ఇంట్లో చెప్తుందట. మా అమ్మాయితో మళ్ళీ మాట కలిసింది, శనివారాలు మా ఇంటికొచ్చి క్యారమ్స్ ఆడుతుంది. మొన్న ఎర్ర కాయిన్‌ని మెల్లిగా మోచేత్తో పాకెట్ వైపు నెట్టింది.

"చూశాను" అన్నాను.

"ఏం చూశారాంటీ?" అంది, రెప్ప కూడా వేయకుండా.