ఓవెన్ కింద టైల్ ముక్క

సూర్యాపేటలో మా వంటింటి గట్టు నేనే దగ్గరుండి వేయించాను. నాది టైల్స్ దుకాణం. నీళ్ళు చుక్క కూడా నిలవకూడదని మేస్త్రీ వెంటపడి, బండను సింకు వైపుకు బాగా వాలుగా పరిపించాను. ఇంటికి ఎవరొచ్చినా చెంబెడు నీళ్ళు గట్టు మీద ఒంపి, అవి పరుగెత్తి సింకులో పడడం చూపించేవాణ్ణి. మా ఆవిడ ఓవెన్ పెట్టుకున్నది ఆ గట్టు మీదే.

ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. ఆదివారం కేకు చేయడం ఆమె సరదా. ఆ కేకు ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్చగా వచ్చేది. వెనక అంచు మాడేది.

“మిర్యాలగూడ మిల్లుకు పోయే వడ్ల లారీ లెక్క ఒరిగిందే నీ కేకు,” అనేవాణ్ణి ప్రతిసారీ.

“ఒరిగిందని ఒక్క ముక్కన్న ఇడిసిపెట్టినవా? సప్పుడు చెయ్యక తిను.”

కోదాడలో ఉండే వాళ్ళక్క, తమ పెళ్ళిరోజుకు రెండంతస్తుల కేకు చేసి తెమ్మని అడిగింది. కింది అంతస్తు ఒరిగితే పైది జారిపోతుంది. మా ఆవిడ సరేనని, అసలు తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.

మొదట ఓవెన్ జాలీ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి కాల్చింది. వెనక వరుస నల్లబడింది, ముందు వరుస తెల్లగానే ఉంది. వేడి వెనక ఎక్కువని తేలింది. తర్వాతి కేకును, పైన గట్టిపడ్డాక వెనక వైపు ముందుకొచ్చేలా గిన్నెతో సహా తిప్పింది. మాడడం ఆగింది. ఒరగడం మాత్రం ఆగలేదు.

“అంటే ఇవి రెండు వేరే వేరే రోగాలు,” అంది తనలో తాను.

నేను టీవీ ముందు నుంచి కదలకుండా, “పిండి సరిగ కలుపుతలేవేమో,” అన్నాను. ఆమె చల్లారిన ఓవెన్‌లో ఖాళీ కేకు గిన్నె పెట్టి, అందులో కొంచెం నీళ్ళు పోసి నన్ను పిలిచింది.

“ఇగో, ఇటు సూడు.”

సింకు వైపు నీళ్ళు లోతుగా ఉన్నాయి. అవతలి వైపు గిన్నె అడుగు దాదాపు బయటపడింది.

“అందరికీ సూపిచ్చుకుంటవ్ గదా, గా వాలే ఇది. పిండి గూడ గట్లనే జారుతుంది.”

నా సంచిలోంచి ఒక శాంపిల్ టైల్ ముక్క తీసి, సింకు వైపు ఓవెన్ కాళ్ళ కిందకు తోసింది. నీళ్ళు సమమయ్యేదాకా జరిపి చూసుకుంది. అంచులు నడిమికన్నా ముందే గట్టిపడకుండా గిన్నె చుట్టూ తడిగుడ్డ పట్టీ కట్టింది. ఆ రోజు వచ్చిన కేకు మీద నేను అరచేయి పెట్టి చూశాను. మా దుకాణంలో ఏ టైలూ అంత చదునుగా ఉండదు.

కోదాడ దాకా కారులో ఆ కేకును ఒడిలో పెట్టుకునే కూర్చుంది. అక్కడ అందరూ దాని చుట్టూ మూగారు. వాళ్ళక్క భర్త, నా తోడల్లుడు, “ఇంత సమంగా ఎట్టా వచ్చిందమ్మా?” అని అడిగాడు.

“ఓవెన్ కింద టైల్ ముక్క పెట్టిన బావా.”

అందరూ నా వైపు తిరిగారు. “అదీ సంగతి! టైల్ అంటే మన తమ్ముడే గదా. భలే పట్టేశావయ్యా!” అన్నాడు తోడల్లుడు.

కాదు అనడానికి ఒక్క మాట చాలు. నేను, “మన పనే అది గదా అన్నా,” అన్నాను. ఊరుకోకుండా, గిన్నెలో నీళ్ళు పోసి వాలు ఎలా కనిపెట్టానో చేతులు తిప్పుతూ చెప్పాను. మా ఆవిడ కేకు ముక్కలు కోస్తూ అంతా విన్నది. నా పళ్ళెంలోనూ ఒక ముక్క పెట్టింది. నా ముఖం మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చాక ఓవెన్‌కు ముసుగు వేసింది. ముసుగు మీదికి బియ్యం డబ్బా చేరింది. కేకు చేయవా అని అడిగితే, “నీకొచ్చు గదా, నువ్వే చెయ్,” అంది. కోపంగా కూడా అనలేదు. ఆదివారాలు అలాగే గడిచిపోయాయి.

ఒకరోజు మిర్యాలగూడ నుంచి మా ఆవిడ చెల్లెలు నాకు ఫోన్ చేసింది. ఆ మరదలు కూడా పెళ్ళిరోజుకు కోదాడ వచ్చింది.

“బావా, నా కేకు ఒక పక్క మాడుతున్నదని, నువ్వు కోదాడల చెప్పినట్టే ఓవెన్ కింద టైల్ ముక్క పెట్టిన. మాడుడు పోలేదు, ఇప్పుడు ఒరుగుతున్నది గూడ. రేపే బిడ్డ పుట్టినరోజు. ఏం జెయ్యమంటవ్?”

“అది నేను కనిపెట్టింది కాదమ్మా. మీ చిన్నక్క కనిపెట్టింది.”

“మజాక్ చెయ్యకు బావా, నేను మస్తు పరేషాన్ల ఉన్న!”

నిజం చెబితే నమ్మలేదు. ఫోన్ స్పీకర్లో ఉంది. మా ఆవిడ జుట్టు ముడివేసుకుంటూ, “కారు తియ్, పోదాం,” అంది.

మిర్యాలగూడలో మళ్ళీ అదే గిన్నె, అవే నీళ్ళు. టైల్ ముక్క తీసేయగానే నీళ్ళు సమమయ్యాయి. “గట్టు సక్కగనే ఉన్నదే. ఇది ఎవలు పెట్టుమన్నరు?” అంది ఏమీ ఎరగనట్టు. మరదలు నన్ను చూపించింది. మరదలి అత్తగారు, భర్త అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందూ చెప్పాను: మా ఇంటి గట్టుకు వాలు పెట్టించింది నేను, టీవీ చూస్తూ కూర్చున్నదీ నేను, తక్కినదంతా ఆమె పని అని.

“ఒంకర జేసింది నువ్వు, పేరు గూడ నీకేనా కొడుకా?” అంది అత్తగారు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది.

ఆ తర్వాత బ్రెడ్ ముక్కలు పరిచి, ఆ ఓవెన్‌లో ఏ పక్క వేడెక్కువో చెల్లెలికి చూపించింది. “పైన గట్టిపడ్డంకనే తిప్పు. ముందుగాల తలుపు తీసినవనుకో, నడుమ కుంగిపోతది.”

తిరిగొచ్చాక బియ్యం డబ్బా నేనే దించాను. ముసుగును ముట్టుకోలేదు. ఆదివారం ఆమే తీసింది. గిన్నెలో నీళ్ళు పోసి, టైల్ ముక్క జరిగిందేమో వంగి చూసుకుంది.

“మిర్యాలగూడల జెప్పినవ్. కోదాడోళ్ళకు ఎప్పుడు జెప్తవ్?”

అక్కడే నిలబడి తోడల్లుడికి ఫోన్ కలిపాను. అవతల ఆయన హలో అంటుండగా, ఆమె పిండి జల్లించడం మొదలుపెట్టింది.