మొరగలేదని చెప్పాను

మా కుక్కకు ఇంట్లో మూడు చోట్లకు ప్రవేశం లేదు. వంటింటికి అమ్మ వద్దంది, దేవుడి గదికీ అమ్మే వద్దంది. సాంచెల షెడ్డుకు మాత్రం బాపు వద్దన్నాడు. సిరిసిల్లలో మేం మరమగ్గాన్ని సాంచె అంటాం. మావి నాలుగు, ఇంటి వెనక గదిలో ఉండేవి. వంటింటి పక్కనున్న గడప దాటితే షెడ్డే.

"దాన్ని లోపటికి రానియ్యకు బిడ్డా. సాంచె తిప్పే పట్టాల కాలు వడ్డదంటె ఇగ అంతే" అన్నాడు బాపు.

నేర్పే పని నా మీద పడింది. నాకు ఓపిక తక్కువ. మొదట రొట్టెముక్క చూపించి బుజ్జగించాను, రెండు రోజులకే విసుగొచ్చింది. కండె అంటే సాంచెలో అడ్డదారం చుట్టి పెట్టే కట్టెపుల్ల. అలాంటి ఖాళీ కండె ఒకటి చేతిలో పట్టుకుని గడప దగ్గర కూర్చునేదాన్ని. కుక్క కాలు గడప మీద పడగానే ఆ కాలి మీదే ఒకటి వేసేదాన్ని. వారం తిరిగేసరికి కండె చూపిస్తే చాలు, వెనక్కి జరిగేది. ఇంకో వారానికి అదీ అక్కర్లేకపోయింది. నా అంతటి పంతులమ్మ లేదని నేను మురిసిపోయాను.

"మంచి బడే దొరికింది నీకు, కొడుకా" అని బాపు కుక్కను ఆటపట్టించేవాడు. మధ్యాహ్నం చాయ్ తాగేటప్పుడు మాత్రం టోస్టు ముంచుకుని గడప దాకా వచ్చి దాని నోటికి అందించేవాడు. అది ముందరి కాళ్లు గడపకు ఇవతల పెట్టి, మెడ ఒక్కటే చాచి తినేది. ఒక్కోసారి చాయ్ ఆలస్యమైతే అక్కడే నిలబడి మొరిగేది.

ఆ రోజు అమ్మ జగిత్యాలలో చుట్టాల పెండ్లికి పోయింది. నేను ముందు గదిలో కుట్టుమిషన్ దగ్గర కూర్చున్నాను. సాయంత్రానికి ఇవ్వాల్సిన జాకెట్లు మూడున్నాయి, చేయి ఎటు పెట్టినా దారం తెగుతోంది. అప్పుడు కుక్క మొరగడం మొదలుపెట్టింది.

టోస్టు కోసమే అనుకున్నాను. "నోర్ముయ్" అని కూర్చున్న చోటు నుంచే అరిచాను. అది ఆగలేదు. కాసేపటికి ఒక సాంచె చప్పుడు ఆగింది. తర్వాత ఇంకొకటి ఆగింది. కరెంటు పోతే నాలుగూ ఒకేసారి ఆగుతాయి. ఒక్కొక్కటే ఆగాయంటే కండెలు అయిపోతున్నాయి, మార్చే మనిషి అక్కడ లేడు. సాంచెల ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకూ తెలుసు. బాపు షెడ్డుకు వెనకవీధి వైపున్న తలుపు నుంచి చాయ్ హోటలుకు పోయి ఉంటాడనుకున్నాను. బయటికి పోయేటప్పుడు సాంచెలు బందు చేసే పోతాడన్నదీ నాకు తెలుసు. అయినా లేవలేదు.

నాలుగో సాంచె కూడా ఆగాక కుక్క గొంతు ఇల్లంతా నిండిపోయింది. అప్పుడు లేచాను, బాపును చూడ్డానికి కాదు. గూట్లో ఉన్న కండె తీసుకుని వెళ్లి దాని మూతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. అది మొరగడం ఆపేసి, గడప మీద మూతి ఆనించి లోపలికి చూస్తూ పడుకుంది. అది ఎటు చూస్తోందో నేను చూడలేదు. వెనక్కి వచ్చి రెండో జాకెట్టు ముగించాను.

చాయ్ పట్టుకుని వెళ్లేసరికి బాపు రెండు సాంచెల మధ్య సందులో బోర్లా పడి ఉన్నాడు. ఇరుగుపొరుగు వాళ్లు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లారు. "పడిపోయి చాలాసేపైంది. వెంటనే తెస్తే ఏమన్న చేసేటోళ్లం" అన్నాడు డాక్టరు.

అమ్మ పెండ్లిచీరలోనే వచ్చింది. ఏడ్చి ఏడ్చి, గొంతు పోయాక నన్ను అడిగింది.

"కుక్క సుత మొరగలేదా బిడ్డా?"

"లేదమ్మా. మొరగలే" అన్నాను.

నోరు తెరిస్తే ఆ మాటే వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు. వెనక్కి తీసుకోవడానికి ఆ తర్వాత రోజూ వీలుండేది, రోజూ భయపడ్డాను.

పెద్దకర్మ అయ్యేదాకా అమ్మ ఓర్చుకుంది. తర్వాత కుక్క ఎదురుపడితే చాలు, ముఖం తిప్పుకునేది. "మూడేండ్లు బువ్వ వెట్టిండు మనిషి. చేతుల వెట్టి తినిపిచ్చిండు. ఆయన పానం పోతాంటె ఒక్కసారన్న అరువకపాయె. దాన్ని జూస్తె నా కడుపు మండుతది" అని కోనరావుపేట మామకు ఫోన్ చేసింది. మామ ట్రాలీ ఆటో తెచ్చాడు. కుక్కను ఎత్తి ఆటోలో పెట్టింది నేనే. నన్ను నమ్మి కదలకుండా కూర్చుంది.

నాలుగు నెలల తర్వాత అమ్మతో కలిసి మామ ఇంటికి వెళ్లాను. కుక్క బక్కచిక్కింది. నన్ను చూసి తోక ఆడించింది. తల నిమరబోతే కళ్లు మూసుకుని మూతి పక్కకు తిప్పుకుంది.

"ఏం కుక్కనో ఏమో" అన్నాడు మామ చాయ్ అందిస్తూ. "వానల తడుస్త నిలవడ్తది గాని, రమ్మన్నా గడప లోపటికి రాదు. మొన్న దొడ్లెకు పందులు అచ్చినా చూసుకుంట నిలవడ్డది. అచ్చినకాన్నుంచి ఒక్కనాడు మొరగలే."

"నేను చెప్పలే? గా రోజు సుత గంతే" అంది అమ్మ. నా వైపు తిరిగి, "గంతే గద బిడ్డా?" అని అడిగింది.

కుక్క గడప అవతల నిలబడి నన్నే చూస్తోంది.

"గంతేనమ్మా" అన్నాను.