నిలబడే ఉద్యోగం

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సలహాల సంగతి వేరు, అవి వద్దన్నా వడ్డిస్తారు. ఏడో నంబరు బస్సు కండక్టరమ్మకు ఇది బాగా తెలుసు. ఎనిమిదో నెల నిండేదాకా ఆమె ఆ బస్సులో నిలబడే టికెట్లు కొట్టింది. పొద్దున ఎక్కేవాళ్ళంతా రోజూ ఎక్కేవాళ్ళే కావడంతో ఆమె కడుపు బస్సు మొత్తానికీ ఉమ్మడి ఆస్తి అయిపోయింది. తొమ్మిదో నెలలో పాప పుట్టింది. ఏడవలేదు. గుండె కడుపులోనే ఆగిపోయిందన్నారు.

రెండు నెలల తర్వాత ఆమె మళ్ళీ డ్యూటీకి వచ్చింది. మొదటి స్టాపులోనే మొదలైంది.

"పోనీలేమ్మా, పెరిగి పెద్దయ్యాక పోతే ఇంకా కష్టం," అంది కూరగాయలమ్మే పెద్దావిడ.

"ఎక్కడిదాకా?" అంది కండక్టరమ్మ.

"వయసుందిగా, ఏడాది తిరక్కుండా ఇంకొకరు పుడతారు," అన్నాడు పోస్టాఫీసు గుమస్తా, తారీఖు తనే వేస్తున్నట్టు.

"లోపలికి జరగండి."

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది. వీళ్ళు చెడ్డవాళ్ళు కారు, నోరు మూసుకుని ఉండలేరు, అంతే. నాలుగో స్టాపులో టీచరమ్మ ఎక్కి, ఎంతో ప్రేమగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం. నేను అప్పుడే అనుకున్నాను."

ఈసారి కండక్టరమ్మ చెయ్యి విడిపించుకుని టికెట్టు కొట్టింది. రెండు నెలలుగా తనూ అదే అనుకుంటోంది. ఐదో నెలలోనే సెలవు పెట్టమన్నాడు మొగుడు. పాప పుట్టాక వాడుకుందామని ఆమె సెలవంతా దాచుకుంది. దాచుకున్నదంతా ఖాళీ ఇంట్లో గడిపి వచ్చింది. బొడ్డుతాడు ముడిపడిందని, ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. చెవికెక్కింది గానీ మనసుకెక్కలేదు.

నోరు మెదపనిది ఒక్క డ్రైవరే. ఆరేళ్ళుగా నోరారా చెల్లెమ్మా అని పిలిచినవాడు ఇప్పుడు ముఖం తిప్పుకుంటున్నాడు. ఆమెకు అదే అందరి మాటలకన్నా గట్టిగా తగిలింది. చివరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక కూడా అతను టీకి దిగలేదు. ఆమె ముందుకు వెళ్ళింది.

"ఏంటన్నా, నిలబడినందుకే పోయిందని నువ్వూ అనుకుంటున్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు సెలవు పెట్టే ముందు వారం, వంతెన దిగుతుంటే కుక్క అడ్డొచ్చింది. బ్రేకు కొట్టాను. నువ్వెళ్ళి రాడ్డుకి కొట్టుకున్నావు. నేనే చంపాను చెల్లెమ్మా."

ఆమెకు ఆ బ్రేకు ఇప్పటిదాకా గుర్తే రాలేదు. ముందు కోపం వచ్చింది, పట్టరాని కోపం.

"నీకేమన్నా మతిపోయిందా? తగిలింది మోచెయ్యి. ఆ తర్వాత నెల రోజులు నన్ను నిద్రపోనివ్వకుండా తన్నింది పాప. బొడ్డుతాడు ముడిపడిందన్నా. డాక్టరమ్మ చెప్పింది. నీ బ్రేకు వల్ల కాదు, ఎవరి వల్లా కాదు."

"నిజంగా?"

"నిజంగానే. నా వల్ల కూడా కాదు."

చివరి మాట ఊపులో దానంతటదే వచ్చేసింది. అన్నాక ఆమె ముందు సీట్లో కూర్చుంది.

"ఎవరి పోలిక?" అన్నాడు డ్రైవరు.

అంతమంది ఎక్కారు, ఒక్కరూ ఈ మాట అడగలేదు.

"ముక్కు మా అత్తగారిది, ఏం చేస్తాం. గడ్డం నాది. తలనిండా జుట్టు," అంటూనే ఆమె ఏడ్చేసింది.

తిరుగు ట్రిప్పు పదకొండు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది.