క్యాలెండర్ బొమ్మలో గుమ్మం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ బొమ్మనైనా బాగుందని ఊరుకోవడానికి వీల్లేదు. బరంపురం గేట్ బజార్‌లో మా తాతయ్యకు బట్టల కొట్టు ఉండేది. ఏటా దసరా వెళ్లగానే క్యాలెండర్లు అచ్చువేసే ఆసామి నమూనా బొమ్మల ఆల్బమ్ ఒకటి ఇచ్చి వెళ్లేవాడు. కొట్టు పేరుతో అందరికీ పంచే క్యాలెండర్ మీద ఏ బొమ్మ వేయించాలో అందులోంచే ఎంచాలి. తాతయ్య నన్నూ అన్నయ్యనూ కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పేవాడు. బాగుందన్నామా, "ఏటి బాగుంది? ఏటి సూసి అన్నావు?" అని పట్టుకునేవాడు. బొమ్మలో వేలు పెట్టి చూపించాలి. మేం చెప్పింది తప్పో ఒప్పో మాత్రం చచ్చినా చెప్పేవాడు కాదు. నాకు అక్కడే ఒళ్లు మండేది. బడిలో లెక్క తప్పితే బెత్తం దెబ్బయినా పడేది, ఇక్కడ అదీ లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా మేనత్త, అంటే తాతయ్య కూతురు, ఖల్లికోటలో అత్తవారిల్లు వదిలి వచ్చేసింది. ఎందుకో పిల్లలకు చెప్పలేదు. రెండు నెలలయ్యాక, సోమవారం తాతయ్యే అత్తను తిరిగి ఖల్లికోటకు రైల్లో తీసుకెళ్లి దిగబెట్టి వస్తాడని తెలిసింది. పెట్టె కూడా సర్దేశారు. అత్త మాట్లాడటమే మానేసింది.

ఆదివారం ఆల్బమ్ తీశాం. ఒక పేజీలో ఎర్రచీర కట్టుకున్న ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక కాలు గడపకు ఇవతల, ఒకటి అవతల. ఆవిడ ఇంట్లోకి వస్తోందన్నాను నేను. కాదు వెళ్లిపోతోందన్నాడు అన్నయ్య. "నీకేటి తెలుసే" దాకా వెళ్లింది వాదన. గోడవార కూర్చుని వత్తులు చేస్తున్న అత్త ఉన్నట్టుండి, "రాట్లేదు, ఎల్లట్లేదు. ఆవిడికి రెండు పక్కలా సోటు లేదు" అంది.

నేను అలవాటు కొద్దీ, "ఏటి సూసి అన్నావత్తా?" అనేశాను.

అత్త లేచి వచ్చి బొమ్మ మీద వేలు పెట్టింది. "సెయ్యి సూడు. తలుపు మీద లేదు, దోరబందం మీదుంది. సొంతింటోళ్లు తలుపు తోసుకుని వొచ్చేస్తారు. రమ్మంటారో నేదో అనుకునేవోళ్లే దోరబందం పట్టుకుని ఆగుతారు."

తాతయ్యకు మింగలేక కక్కలేక అన్నట్టయింది. ఆల్బమ్ మూసేసి, ఆదివారం కట్టేసి ఉండే కొట్టుకు వెళ్లిపోయాడు. అడగకూడనిది అడిగానేమోనని నాకు భయమేసింది. ఎవరు చెప్పింది ఒప్పని అన్నయ్యను అడిగితే వాడికీ తెలియదు. అత్త ఏడవలేదు, నవ్వలేదు, మళ్లీ వత్తుల దగ్గరికే వెళ్లింది. నాకంతా అయోమయంగా ఉంది.

సోమవారం రైలు వేళ దాటిపోయింది. తాతయ్య అత్త పెట్టెను తనే మోసుకెళ్లి మేడ మీది గదిలో పెట్టాడు. అత్త ఇంక ఖల్లికోట వెళ్లలేదు. ఆ ఏడు క్యాలెండర్ మీద ఎప్పటిలాగే లక్ష్మీదేవి పడింది. ఈ మాత్రానికి ఇంత రభసెందుకని నేను రెండు రోజులు అలిగాను.

బొమ్మలో ఆవిడ వస్తోందో వెళ్తోందో అరవై దాటినా నాకు తేలలేదు. కానీ అత్త రెండు నెలలు మా ఇంట్లో గోడవారనే కూర్చుంది. బొమ్మల్లో ప్రతి అంగుళం వేలు పెట్టి వెతికిన నేను అత్తను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. అందుకే మనవలు బొమ్మ పట్టుకుని ఏదైనా చెబుతుంటే, నేను ముందు వాళ్ల ముఖాలు చూస్తాను.