చెయ్యెత్తే దామోదర్ గారు

దామోదర్ గారికి ఒక్కటే అలవాటు. తప్పు ఎవరు చేసినా చెయ్యి ఆయనే ఎత్తేవారు.

మేముండే కాపెల్ ఊళ్లో మా బృందగానానికి ఒక పద్ధతుంది. రిహార్సల్లో ఎవరి స్వరం తప్పితే వాళ్లు చెయ్యెత్తాలి. నా తప్పు నాకు తెలిసింది, ఇంక పాట ఆపక్కర్లేదు అని దానర్థం. దామోదర్ గారు మగవాళ్ల బాస్ వరసలో, అంటే అన్ని గొంతుల కిందా ఉండే గొంతులో, నా పక్కనే పాడేవారు. అటు చివర అన్నిటికన్నా పై గొంతు పాడే సోప్రానో ఆడవాళ్లకి పై స్వరం అందకపోయినా ఇటు ఈయన చెయ్యి లేచేది. ఒకసారి పియానో ఆవిడ కాగితాలు జారి కిందపడితే దానికీ ఎత్తారు.

బయటా అంతే. దగ్గరి ఊరు ప్లేనోలో ఒక హోటల్లో సర్వర్ సాంబారు ఒలికిస్తే, "సారీ బాబూ, నా మోచెయ్యి తగిలింది" అన్నారు. మోచెయ్యి టేబులుకి అవతల ఉంది. సాంబారు మాత్రం ఆయన చొక్కా మీదే ఉంది.

"ఇంట్లో ఆ చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు" అనేవారు వాళ్లావిడ పద్మజ గారు.

2009లో మేం ఒక మాగ్నిఫికాట్ ఎత్తుకున్నాం. మేరీమాత దేవుణ్ణి స్తుతించే లాటిన్ కీర్తన; దాదాపు మూడు వందల ఏళ్ల నాటి బరోక్ సంగీతం. రెండేళ్లు వెంటపడి మా చేత పాడించే కండక్టర్ మార్గరెట్‌ని దానికి ఒప్పించింది దామోదర్ గారే. నన్ను కార్లో ఎక్కించుకుని డ్రైవ్ చేస్తూ అదే వినిపించేవారు.

"విను నీరజ్. ట్రంపెట్లు పెళ్లి ఊరేగింపులా వస్తాయి. తర్వాత ఒక గొంతు మొదలెడితే రెండోది దాని వెంటపడుతుంది, వెనకే మూడోది. ఇక్కడ రెండు స్వరాలు ఒరుసుకుంటాయి చూడు, పళ్లు జివ్వుమంటాయి. వెయిట్ చెయ్యి. అదిగో, సర్దుకున్నాయి. ప్రాణం లేచొచ్చింది కదూ?"

నిజంగానే లేచొచ్చేది, ఆయన మళ్లీ రోడ్డు వైపు చూశాక.

పాట చివర్లో ఒకచోట అన్నీ ఠక్కున ఆగిపోతాయి. నిశ్శబ్దం. ఆ తర్వాత అందరూ కలిసి ఆమెన్ అందుకోవాలి. "ఆ గ్యాప్‌లో ఎవరి గొంతయినా జారితే, కాన్సర్ట్ రోజు ఆడియన్స్‌లో కూర్చుంటారు" అని మార్గరెట్ ముందే చెప్పింది.

చివరి రిహార్సల్లో జారింది వసుమతి గొంతు. ఆల్టో వరసలో, అంటే ఆడవాళ్ల కింది గొంతులో, కొత్తగా చేరిన మనిషి. లేఆఫ్‌లో ఉద్యోగం పోయాక ఇంట్లో కూర్చోలేక వచ్చింది. పక్కవాళ్లకి కూడా వినపడకుండా పాడేది. ఆ రోజు మాత్రం ఆమె "ఆ..." హాలంతా మోగింది. ముఖంలో రక్తం లేదు.

దామోదర్ గారి చెయ్యి లేచింది.

"ఓకే, దామోదర్. రేపు మీరు ఆడియన్స్‌లో" అంది మార్గరెట్.

ఆయన కాదనలేదు. ఫోల్డర్ మూసి, మెట్టు దిగబోయారు.

"అది నేను" అంది వసుమతి. "ఆయన్ని పాడనివ్వండి. రేపు నేను కూర్చుంటాను."

"తెలుసు" అంది మార్గరెట్. "బాస్ నోట్లోంచి ఆల్టో స్వరం ఎలా వస్తుంది? ఇన్నేళ్లలో ఆయన ఒక్క స్వరం తప్పు పాడలేదు. మీరే చెప్తారని ఆగాను. ఇంక ఇద్దరూ పాడండి."

హాలంతా ఒకేసారి ఊపిరి వదిలింది. అంత చక్కగా కలిసి మేం అంతకుముందు ఏదీ చెయ్యలేదు.

మర్నాడు కాన్సర్ట్‌లో ఆ నిశ్శబ్దం వచ్చింది. ఎవరూ జారలేదు. ఆమెన్ ఒక్క గొంతులా లేచింది. దామోదర్ గారు చెవులదాకా నవ్వుతూ పాడారు.

పార్కింగ్ లాట్‌లో అడిగాను. "మీది కాని తప్పు నెత్తినేసుకోవడం ఎందుకండీ?"

"అందరూ మన వైపే చూస్తుంటే గొంతు పెగలదు నీరజ్. ఆ కాస్సేపూ నా వైపు చూస్తే నాకేం పోయింది?"

వసుమతికి గొంతు బాగానే పెగిలింది. తర్వాతి సీజన్ మొదటి రిహార్సల్లోనే మార్గరెట్ పాట మధ్యలో ఆపి, "వసుమతీ, ప్లీజ్, కొంచెం మెల్లగా" అంది.