ఆమె పేరు మీద వచ్చిన అనుమతి

ముంబై కామాటిపురలో మా గల్లీ మహిళా మండలి వాళ్లకు ఒక పాత తెలుగు సినిమా చూపించాలన్నది నా భార్య ఆలోచన. మండలి కార్యదర్శి ఆమే. ఆదివారం మధ్యాహ్నం, మేముండే చాల్ భవనం కింది హాల్లో, టికెట్ లేకుండా. అనుమతి అడుగుతూ నిర్మాతకు ఉత్తరం రాసి, గ్రాంట్ రోడ్ వైపు వెళ్లి తనే పోస్టు చేసి వచ్చింది. పదిహేను రోజులకు గుండెపోటుతో పోయింది.

దినాలు అయ్యాక మండలి పెద్దావిడ మా గదికి వచ్చింది.

“తమ్మీ, ఆమె మొదలువెట్టిన పని. నువ్వే చెయ్యాలె.”

నాకు చేయాలనీ లేదు, వద్దనీ లేదు. సరేనన్నాను.

“డీవీడీ నా తాన ఉన్నది. ఫుకట్ల చూపిస్తున్నం గద, పర్మిషన్ దేనికి?” అంది.

“కొన్న డీవీడీ ఇంట్ల చూసెతందుకేనంట. పదిమందిని పిలిచి హాల్ల ఏస్తే, పైసలు తీస్కోకున్నా అడగాల్నంట.” అది నా భార్య ఎక్కడో కనుక్కొని నాకు చెప్పిన మాట.

ఉత్తరానికి జవాబు రాలేదు. ఫోన్లు చేశాను. నిర్మాత ఎప్పుడో చనిపోయారట. హక్కులు టీవీ వాళ్లకు అమ్మేశారని ఒకరు, కూతురి దగ్గరే ఉన్నాయని మరొకరు చెప్పారు. చివరికి హైదరాబాద్‌లో ఉన్న ఆ కూతురి నంబరు దొరికింది.

“ఉత్తరం అందిందండీ. జవాబు రాయడం ఆలస్యమైంది. రాసినావిడ మీకేమవుతారు?”

“నా భార్య. నెల కింద పోయింది.” ఎవరి సంగతో చెబుతున్నట్టు ఉంది నాకు.

“టీవీ హక్కులే అమ్మామండీ. ఇలాంటి వాటికి అనుమతి నేనే ఇవ్వచ్చు. పంపిస్తాను” అంది.

వారానికి కాగితం వచ్చింది. ఒక్క ప్రదర్శనే, టికెట్ పెట్టకూడదు, రికార్డు చేయకూడదు. పైన నా భార్య పేరు, కింద కార్యదర్శి అని ఉంది.

“మార్పియ్యాల్నా?” అని పెద్దావిడను అడిగాను.

“గట్లనే ఉండనీ.”

ఆదివారం హాలు నిండింది. వర్లి నుంచి కూడా కొందరు వచ్చారు. నవ్వాల్సిన చోట నవ్వారు, తర్వాత కొంగులతో కళ్లొత్తుకున్నారు. నేను ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని బొమ్మ ఆగకుండా చూసుకున్నాను. కథ మాత్రం పట్టలేదు.

“ఆజోబా, తీ కా రడ్తే?” అంది నా పక్కన కూర్చున్న మా మనవరాలు. తాతా, తెర మీద ఆమె ఎందుకేడుస్తోందని. నేను చూడలేదన్నాను. పెద్దావిడ దాన్ని దగ్గరకు లాక్కుని మరాఠీలో కథ మొదటినుంచి చెప్పసాగింది.

కుర్చీలు సర్దాక నిర్మాత కూతురికి ఫోన్ చేసి, ఒక్కసారే వేశామని చెప్పాను.

“మీకు నచ్చిందా అండీ?”

“మావాళ్లకు నచ్చింది” అన్నాను.